మీటరు రీడింగు

బరంపురంలో కరెంటు మెట్ల కింద కాపురముంటుంది.
పదకొండేళ్లుగా అక్కడే వంగి చూస్తున్నాను,
టార్చి పళ్ల మధ్య,
పెన్సిలు చెవి మీద.
ఊరి మొహం ఎవరైనా వర్ణిస్తారు.
నాకు తెలిసింది దాని వీపు.

సందులోకి అడుగు పెట్టగానే
పిల్లలు "మీటరు నానీ!" అని కేకేస్తారు.
ఒడియాలో నానీ అంటే అక్క.
మా ఇంట్లో నాని అంటే మా తమ్ముడు.
రెంటికీ పలుకుతాను.

బడా బజారు వెనక
దండపాణి సేనాపతి వాచీల కొట్టు.
కొట్టని అనకూడదు గానీ,
రెండు మేడలు కట్టగా మిగిలిన సందుకి
తలుపు బిగించుకున్నాడు.
గోడకి పంతొమ్మిది గడియారాలు,
ఏ రెంటికీ పొత్తు కుదరదు.
"ఇందులో ఏది రైటు?" అంటే
"మీకెంత కావాలి?" అంటాడు తెలుగులో.
"బసొంతు" అని స్టూలు జరుపుతాడు ఒడియాలో.
ఆ స్టూలుకి మూడే కాళ్లు.
నాలుగోది గోడ.

మీటరు వెనక బల్లి కాపురం.
అద్దం తుడిస్తే ఇరవై మూడు యూనిట్లు.
ఒక బల్బు, ఒక ఫ్యాను,
కంటికి భూతద్దం కట్టుకున్న ఒక మనిషి.

పక్క మెట్ల మీద టైపు ఇన్‌స్టిట్యూటు.
బోర్డు మీద తెలుగు పైన, ఒడియా కింద.
రెండూ గుండ్రటి లిపులే,
రంగు పెచ్చులూడాక
ఏ సున్నా ఏ భాషదో
రాసినవాడే చెప్పాలి.
ఇప్పుడక్కడ నీలవేణమ్మ అప్పడాలు ఆరబెడుతుంది.
మిషన్ల మీద పాత చీరలు కప్పి,
వాటి మీద చాటలు.
ఒకదానిలో ఇంకా కాగితం ఉంది.
"అయ్యా, తమ" దాకా కొట్టి
ఎవరో లేచి వెళ్లిపోయారు.
ఇంగువ వాసనలో
ఆ ఉత్తరం పసుపెక్కుతోంది.

పాతదంతా బంగారమని నేననను.
ఇలాంటి తడి గోడే మా లైన్‌మన్ బిపిన్‌వి
రెండు వేళ్లు తినేసింది.
ఎలకలు కొరికిన వైర్లు చూస్తే
ఇప్పటికీ కడుపులో చెయ్యి పెట్టి కెలికినట్టుంటుంది.
హైవే పక్క కొత్త మాల్‌లో
మీటర్లన్నీ ఒకే గదిలో, బడిపిల్లల్లా వరసగా.
వంగక్కర్లేదు, దగ్గక్కర్లేదు.
ఆ చల్లగాలి నాకూ నచ్చింది, అబద్ధమెందుకు?
మా అమ్మాయికి బూట్లు అక్కడే కొన్నాను.
ఒకటే, ఆ గదిలో
నేనెవరినని ఎవరూ అడగలేదు.

వచ్చే నెల నుంచి
అందరికీ స్మార్టు మీటర్లట.
తమ లెక్క తామే చెప్పుకుంటాయట.
"అయితే ఇంక ఎవరొస్తారు?" అన్నాడు దండపాణి.
"ఎవరూ రారు."
"హఉ," అన్నాడు. భూతద్దం తియ్యలేదు.

కాసేపటికి సొరుగు లాగి
నా వాచీ బల్ల మీద పెట్టాడు.
తుఫాను ఏడాది నీళ్లు దూరి ఆగిపోతే
నేనిచ్చి మరిచిపోయిన వాచీ.
నాలుగు నిమిషాలు ముందుంది.
"సరిచెయ్యలేదేం?" అన్నాను.
"మీరెప్పుడూ తొందరలోనే కదా,
దానికీ అదే అలవాటు చేశాను."
డబ్బులు తీసుకోలేదు. తీసుకుంటే బాగుండేది.

మీటరు పక్కన సున్నం గోడ మీద
నెలనెలా నేను రాసిన అంకెలు.
మిషనులో కొట్టాక గోడ మీద ఎందుకంటే
ఏం చెప్పను,
నాకు ముందు త్రినాథ పాఢి రాసేవాడు.
అతని ఒడియా అంకెలు పైన,
నావి కింద,
మధ్యలో ఒకచోట
బల్లి తోక గీసిన ఏదో లెక్క.
రెండుసార్లు కొట్టుకి వెల్ల వేయించాడు దండపాణి.
రెండుసార్లూ ఈ మూరెడు గోడ వదిలేయించాడు.

ఇరవై మూడు అని రాశాను.
చివర అడ్డగీత కొడదామనుకున్నాను గానీ
పెన్సిలు మళ్లీ చెవి మీదికే పోయింది.
కింద ఇంకా
జానెడు సున్నం ఉంది.